గుండె మీద అక్క

రోహిణి కార్తె. ఆదివారం.

ఈ రోజు గుండె పరుగెత్తలేదు. పొద్దున బావి దగ్గర ఒకసారి పరుగెత్తింది, కానీ అది రెండు కడవలు ఒకేసారి ఎత్తినందుకు. మధ్యాహ్నం పొయ్యి దగ్గర పరుగెత్తింది, అది పొగకు. కాబట్టి పరుగెత్తనట్టే.

పెళ్ళయి ఈ ఊరొచ్చిన ఏడాదిగా ఒక్క అక్షరం రాయలేదు. ఐదో తరగతిలో నా చేతిరాత చూసి అయ్యవారు మెచ్చుకునేవాడు. నలుగురిలో నోరు తెరవాలంటే నాకు చిన్నప్పటి నుంచీ గొంతు పట్టేస్తుంది. రాయడానికి గొంతు అక్కర్లేదు. అత్తకు చదువు రాదు. ఆయనకు సంతకం వరకే వచ్చు. ఇక భయమేముంది.

రోహిణి. మంగళవారం.

ఈ రోజు నీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు. అక్క చచ్చిపోయింది మంగళవారం నాడు, అందుకే వారం వారం ఈ ఉపవాసం.

అక్క అంటే మారెమ్మ, ఆయన మొదటి పెళ్ళాం. నేను ఆమెను చూడలేదు. నాకు తెలిసిన మారెమ్మ నా మెడలో ఉన్న వెండి బిళ్ళ, దాని మీద చెక్కిన ఆడబొమ్మ. చచ్చిపోయిన సవతి కోపం తగలకుండా రెండో పెళ్ళానికి కట్టే బిళ్ళ. పెళ్ళి రోజు తాళి కట్టిన చేత్తోనే దాన్నీ కట్టాడు ఆయన. తాళి కంటే అదే బరువు.

నేను తినే మొదటి ముద్ద ఆమెకు తాకించాలి. కొత్త రైక ముందు ఆమెకు చూపించాలి. గట్టిగా నవ్వితే ఆమెకు కోపం. ఆయన పగటిపూట నాతో మాట్లాడితే ఆమెకు కోపం. ఎన్ని కోపాలో, అన్నీ అత్తకే తెలుస్తాయి.

పొద్దున పాలు కాచే దాలి గుంట దగ్గర కళ్ళు తిరిగి కూర్చుండిపోయాను.  గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంది. అత్త వచ్చి నిలబడి చూసింది.

“చూస్తివా? అక్క నీ గుండె మీద కూర్చుండాది. ఏం తప్పు చేసినావో చెప్పి, దిగమని అడుక్కో.”

“ఏం చెయ్యలేదు అత్తా.”

“చెయ్యకుండానే కూర్చుంటుందా?”

రేపటి నుంచి కోడి కూయకముందే తలకు నీళ్ళు పోసుకుని, తడిబట్టతోనే దీపం ముందు కూర్చోవాలట. అక్క దిగేదాకా.

రోహిణి. శుక్రవారం.

తడిబట్ట. దీపం. నిద్ర లేదు. బాగానే ఉన్నాను.

మృగశిర. సోమవారం.

నాయన చిలమత్తూరు నుంచి వచ్చి పోయాడు. చిక్కిపోయినావు తల్లీ అన్నాడు. ఎండలకు నాయనా అన్నాను. అత్త పక్కనే కూర్చుని ఉంది. లేకపోయినా అదే అనేదాన్నేమో. నాకేం తక్కువ, బాగానే ఉన్నాను. నాయన పోతూ ఊరి బయట మలుపు దగ్గర తిరిగి చూశాడు. నేను చెయ్యి ఊపాను.

మారెమ్మ పేరెత్తితే అత్తకు కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. నన్ను తిట్టే నోటితోనే ఆమెను “నా బంగారు తల్లి” అంటుంది. బతికి ఉన్నప్పుడు ఎంత ముద్దుగా చూసుకుందో. నాకు ఆ అదృష్టం లేదు.

మృగశిర. గురువారం.

వాన జాడ లేదు. ఉన్నా లేకపోయినా విత్తనం సిద్ధంగా ఉండాలి కదా. పంచలో వేరుశెనక్కాయలు వలవడానికి పక్కింటి పెద్దక్క, ఇంకో నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. గింజ మీద ఎర్రపొర చెదిరితే విత్తనానికి పనికిరాదు. పగిలింది ఎవరి చేతిలో పగిలితే వాళ్ళే తింటారు, అది ఇక్కడి పద్ధతి. అందుకే పెద్దక్క చేతిలో ఎప్పుడూ ఎక్కువ పగులుతాయి.

“పెద్దక్కా, నీ సేతిలో పడినేది మొలిచిందే లేదు గదా,” అంది ఒకామె.

“పండ్లు ఊడిపోయినాయి, మే. గట్టి గింజ మీకు, పగిలింది నాకు. దేవుడే పంచినాడు. ఏమ్మే హనుమంతీ, నువ్వూ రెండు పగలగొట్టి నోట్లో ఏసుకో. మీ ఆయప్ప వచ్చి నోరు వాసన చూడడులే,” అంది నా వైపు చూసి.

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. నవ్విన వెంటనే భయం. భయం వెంట గుండె. చెయ్యి ఎదమీద అదిమి పెట్టుకుని, తలవంచుకుని, అది ఆగేవరకు చూస్తున్నాను.

తల ఎత్తేసరికి పెద్దక్క వలవడం ఆపి నన్నే చూస్తోంది.

“మారెమ్మా అచ్చం ఇట్లే సెయ్యి పెట్టుకుంటాండె,” అంది.

“ఏ మారెమ్మ?” అన్నాను, తెలియనట్టు.

“నీ మెడలో ఉండే మారెమ్మ. ఇదే పంచలో, ఇదే మూల. రెండో ఏడు నుంచి మొదలాయె. రవంత గట్టిగా పిలిస్తే చాలు, ఉలిక్కిపడి ఎదమీద సెయ్యి పెట్టుకుంటాండె. పద్దెనిమిదేండ్లు నిండకనే బావి గట్టున కూర్చున్నెది కూర్చున్నట్టే పోయినాది.”

“అత్త ఆమెను బాగా చూసుకునేది కదా?”

పెద్దక్క నోట్లో గింజ నమలడం మానేసింది. “యవరు చెప్పినారే నీకు? ఏడాది తిరక్కనే కడుపు పండలేదని సాధించేది మొదలుపెట్టె. ఆ పిల్ల తింటే తప్పు, పండుకుంటే తప్పు. పోయినాంక ఏడుస్తాండాది మీ అత్త. అది దొంగేడుపు గాదులే, నిజంగానే ఏడుస్తాది. భయపడి ఏడుస్తాది.”

అత్త నీళ్ళకడవతో గడప దాటింది.

“గింజలు వలుస్తాండారా, కొంపలు వలుస్తాండారా?”

“గింజలే నాగలక్ష్మమ్మా. కొంప వలిస్తే లోపల పురుగే గదా ఉండేది,” అంది పెద్దక్క. మళ్ళీ అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

అదే రోజు, దీపాలు పెట్టకముందు.

మారెమ్మ ఈ ఇంటికి వచ్చినప్పుడు ఆమె మెడలో బిళ్ళ లేదు. ఆమెకు ముందు ఈ ఇంట్లో చచ్చిపోయిన పెళ్ళాం లేదు.

మరి ఆమె గుండె మీద ఎవరు కూర్చున్నారు?

మృగశిర. శుక్రవారం.

ఎవరు కూర్చున్నారు?

మృగశిర. శనివారం.

తడిబట్టతో దీపం ముందు కూర్చున్నప్పుడు రోజూ “అక్కా, తప్పు చేశాను, దిగు” అనేదాన్ని. ఈ రోజు అనలేదు. “అక్కా, నీకూ ఇట్లాగే ఉండేదా” అన్నాను. ఏమీ కాలేదు. బల్లి కూడా పలకలేదు.

ఆరుద్ర. సోమవారం.

మొన్న ఒక పదును వాన పడింది. ఆయన గొర్రు కట్టాడు. నేను వెనకాల నడుస్తూ గొర్రు మీది జడ్డిగం గిన్నెలో గింజలు పోస్తున్నాను. మూడో సాలు తిరిగేటప్పుడు భూమి పక్కకు వంగింది. లేచేసరికి బండి నీడలో పడుకుని ఉన్నాను. ముఖమంతా నీళ్ళు. ఒళ్ళో మట్టి, గింజలు. ఆయన పక్కన గొంతుక్కూర్చుని తలపాగాతో విసురుతున్నాడు. ఎడ్లు సాల్లోనే నిలబడి ఉన్నాయి.

చుట్టూ ఎవరూ లేరు. ఇప్పుడు అడగకపోతే ఎప్పటికీ అడగను అనిపించింది.

“అక్కకూ ఇట్లే వస్తాండెనా?”

విసరడం ఆగింది. “ఎవరు చెప్పినారు?”

“ఎవరు చెప్తేనేమి? వస్తాండెనా?”

చిన్న మట్టిగడ్డ తీసి వేళ్ళతో నలిపాడు. తర్వాత ఎడ్ల వైపు చూస్తూ అన్నాడు. “వస్తాండె. పక్కన పండుకుంటే నాకు వినపడతాండె. పాకలో ఎద్దు గిట్ట తాటించినట్టు.”

“నువ్వేం చేసినావు?”

“అమ్మ కషాయం కాచి ఇచ్చె.”

“నువ్వేం చేసినావని అడిగినా.”

ఆయన నా వైపు చూడలేదు. తలపాగా చేతిలో మడిచి విప్పాడు, మళ్ళీ మడిచాడు.

“నీదీ వినపడతాండాది,” అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్ళు ఈ ఇంట్లో భయమే తెలుసు. కోపం కొత్త. కోపం వచ్చినప్పుడు కూడా గుండె కొట్టుకుంది, కానీ అది వేరు. అది నాదే.

“బుధవారం యేసన్న బండి కల్యాణదుర్గం పోతాంది. పెద్దక్కను తోడు పిలుచుకొని ఆస్పత్రికి పోతా.”

“అమ్మకు ఏం చెప్పేది?”

“ఆస్పత్రికి పోయినాదని చెప్పు.”

“ఒప్పుకోదు.”

“ఒప్పుకోమని చెప్పమనలేదు. పోయినానని చెప్పమన్నా.”

నేనే అన్నానా ఈ మాట? అన్నాను. రాసుకుంటున్నాను కదా, అన్నట్టే.

ఆరుద్ర. గురువారం.

నిన్న ఆస్పత్రి. డాక్టరమ్మ పొరుగు జిల్లాల మనిషిలా ఉంది, మాట మెత్తగా ఉంది. వినే గొట్టం ఎదమీద పెట్టబోయి బిళ్ళ తగిలి ఆగింది.

“దీన్ని తీసి పక్కన పెట్టమ్మా.”

నా చెయ్యి దాని మీదికి పోయింది కానీ తీయలేకపోయాను. తీస్తే అక్కడే చచ్చిపోతానని ఒళ్ళంతా చెప్పింది. పెద్దక్క “అది అట్లా ఇప్పరాదు డాక్టరమ్మా” అంది. డాక్టరమ్మ విసుక్కోలేదు. “సరే, పిడికిట్లో పట్టుకో” అంది. అక్కను పిడికిట్లో పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. వెనకాముందూ చాలాసేపు వింది. చేతికి గుడ్డ చుట్టి గాలి కొట్టి చూసింది. కాసేపాగి మళ్ళీ కొట్టి చూసింది.

“వయసెంత?”

“పదహారు దాటింది.”

“ఎప్పుడు నిద్రపోతావు? ఏం తింటావు? ఇంట్లో ఎవరంటే భయం?”

మొదటి రెండిటికీ చెప్పాను. మూడోదానికి ఏడుపొచ్చింది. ఆమె ఆగి, ఏడుపు అయ్యేదాకా కూర్చుంది. తర్వాత చెప్పిన మాటలు మరిచిపోకుండా దారంతా మననం చేసుకున్నాను.

“నీ గుండెలో పుట్టుకతో లోపమేమీ వినపడలేదు. నెమ్ము లేదు, రక్తం కొంచెం తక్కువ. కానీ ఈ వయసుకు ఉండకూడనంత రక్తపు పోటు ఉంది. భయం వేస్తే గుండె పరుగెత్తడం అందరికీ ఉంటుంది, భయం పోగానే నెమ్మదిస్తుంది. నీ భయం పొద్దున లేచింది మొదలు పోవడం లేదు. కాడి దించకుండా ఎద్దును నిలబెడితే అది నిలబడ్డా అలసిపోతూనే ఉంటుంది చూడు, అట్లా. ఇప్పుడైతే మళ్ళీ సర్దుకుంటుంది. ఇట్లాగే ఏళ్ళు గడిస్తే పోటు నిలబడిపోతుంది, గుండెకే దెబ్బ తగులుతుంది. మందు ఇస్తాను. మందు సగమే. మిగతా సగం తిండి, నిద్ర, భయం లేకుండా ఉండడం.”

“భయం లేకుండా ఉండేదానికి మందు లేదా?” అంది పెద్దక్క.

“నా దగ్గర లేదమ్మా.”

మారెమ్మ గురించి అడిగాను. ఆమె కూడా ఇందుకే పోయిందా అని. “చూడని మనిషి గురించి నేను చెప్పకూడదు” అంది. అని, నా పిడికిలి వైపు చూసింది.

ఆరుద్ర. శుక్రవారం.

అత్త మందు సీసా ఎడ్లను కట్టే గాటిపాట్లో పారబోసింది. “పరాయిదాని ముందర ఎద ఇప్పి చూపిచ్చినావు. అక్క ఇంక దిగదు” అంది. ఆయన పాక గడప దగ్గర నిలబడి చూశాడు. చూసి ఎడ్లను విప్పుకుని పోయాడు.

సగం వైద్యమే సీసాలో ఉండింది. రెండో సగం పారబోయడానికి అత్త చేతిలో లేదు.

పునర్వసు. మంగళవారం.

పెద్దక్క ఇంట్లో కొర్రన్నం తిన్నాను, ఊరుబిండి పచ్చడి వేసుకుని. మంగళవారం రోజు. మొదటి ముద్ద ఎవరికీ తాకించలేదు. “అక్కా, నువ్వూ తిను” అని ఊరికే అన్నాను, పక్కన కూర్చున్న మనిషితో అన్నట్టు.

గుండె పరుగెత్తింది. నిజంగానే పరుగెత్తింది, పొగకు కాదు. అయినా తిన్నాను.

పునర్వసు. గురువారం.

నేను చచ్చిపోతే నాకూ ఒక బిళ్ళ చేయిస్తారు. మూడో పిల్ల వస్తుంది. ఆ పిల్ల మెడలో నేనూ మారెమ్మా ఒకే దారానికి వేలాడతాం. ఆ పిల్ల గుండె పరుగెత్తితే, ఇద్దరూ కూర్చున్నారంటుంది అత్త.

నేను ఎవరి గుండె మీదా కూర్చోను. చచ్చినా కూర్చోను. చావను కూడా.

పుష్యమి. బుధవారం.

నిన్న మారెమ్మ సంవత్సరీకం. నిన్న రాయలేకపోయాను. ఈ రోజు అంతా వరుసగా రాస్తాను.

ముత్తైదువలను పిలిచి బిళ్ళను పాలతో కడిగి, వాళ్ళ ఎదుట నేను చెంపలు వేసుకుని అక్కను క్షమించమని అడగాలి. ఆ తర్వాతే భోజనాలు. మారెమ్మ తల్లి నల్లమ్మ కూడా కంబదూరు పక్క ఊరి నుంచి వచ్చింది. ఏటా వస్తుందట. వచ్చి మూల కూర్చుంటుంది, ఎవరితోనూ మాట్లాడదు. పోయిన ఏడాది కూడా చూశాను, కానీ ఆమె ముఖం వైపు చూడటానికి భయపడ్డాను.

పెద్దక్క వచ్చింది. ఆయన గడప పక్కన నిలబడ్డాడు.

“ఊఁ, అడుగు,” అంది అత్త. “ఏమేం తప్పులు చేసినావో అన్నీ చెప్పి అడుగు. ఆస్పత్రిదీ చెప్పు.”

చెంపల మీదికి చేతులు లేవలేదు. పోయిన ఏడాది అత్త చెప్పిన మాటలే అప్పజెప్పాను, అంతమంది ముందు సొంతంగా మాట్లాడి ఎరగను.  గుండె చెవుల్లో కొట్టుకుంది. కొట్టుకోనీ అనుకున్నాను. అది కొట్టుకుంటూ ఉండగానే అడిగాను.

“అత్తా, అక్క బతికుండంగా అక్క గుండె మీద ఎవరు కూర్చున్నారు?”

“ఏమంటివే?”

“అక్కకూ నా మాదిరే వస్తాండె గదా. అప్పుడు ఆమె మెడలో బిళ్ళ లేదు. సచ్చిన సవతి లేదు. ఎవరు కూర్చున్నారు?”

అత్త చెయ్యి లేచింది. చెంప మీద పడింది. ఆ దెబ్బ పెద్దగా తగలలేదు, ఎందుకో. “నోటికి ఎంతొస్తే అంత” అంది అత్త. 

మూల నుంచి నల్లమ్మ లేచింది.

“ఆ పిల్లను కొట్టొద్దు నాగలక్ష్మమ్మా.” ఆమె గొంతు వినడం నాకదే మొదటిసారి. “నా బిడ్డ రెండు సార్లు ఇంటికొచ్చినాది. అమ్మా, నా గుండె ఆగడంలేదు, రవన్ని దినాలు నీకాడ పండుకోని పోతా అన్నాది. మొగుడింటి నుంచి వచ్చి పండుకుంటే ఊరు ఏమంటాదని రెండు సార్లూ నేనే ఎడ్లబండి ఎక్కిచ్చి పంపిచ్చినా. ఆ పిల్ల గుండె మీద కూర్చున్నోల్లల్లో నేనూ ఉండా. నువ్వూ ఉండావు. నీ కొడుకూ ఉండాడు. సచ్చినోల్లు ఎవరూ లేరు.”

 పాలగిన్నె మీద ఈగ వాలింది.

అప్పుడు తీశాను. దారం ముడి పడి రాలేదు, పంటితో కొరికాను. ఆస్పత్రిలో తీస్తే చస్తానన్నది ఇదే. చావలేదు. తాళిని అట్లాగే ఉంచి, బిళ్ళను మాత్రం నల్లమ్మ చేతిలో పెట్టాను.

“నీ బిడ్డను ఇంటికి పిలుచుకపో అమ్మా.”

ఆమె పిడికిలి మూసింది. నా భుజం పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే ఈ రోజుకూ నొప్పి ఉంది.

“పట్టపగలు శనిని ఇంట్లోకి పిలిచినావు,” అంది అత్త.  తిడుతోంది కానీ నా వైపు రావడం లేదు, బిళ్ళ ఉన్న చేతికి దూరంగా జరుగుతోంది. అప్పుడు తెలిసింది, నాకంటే ఆమెకే ఎక్కువ భయం అని. జాలి వేసింది. జాలి వేసినా తగ్గలేదు.

“ఇంకో పిల్లను తెస్తా నా కొడుక్కి. చూస్తాండు.”

“తెచ్చుకో అత్తా. వచ్చిన దినమే ఆ పిల్లకు అన్నీ చెప్తా. బతికుండి చెప్తా. బతికుండే సవతికి బిళ్ళ చేయించరు గదా.”

“ఓయమ్మా!” అంది పెద్దక్క.

ఆయన గడప దగ్గర నుంచి అన్నాడు, నేల వైపు చూస్తూ, కానీ అందరికీ వినపడేట్టు. “నేను ఇంకోసారి పెండ్లి పీట మీద కూర్చోనమ్మా. ఒగసారి విని గమ్మునుంటి. అది చాలు.”

ఇంత ఆలస్యంగా అన్నాడు. అయినా అన్నాడు.

పుష్యమి. శనివారం.

అత్త కొత్తచెరువులో తమ్ముడింటికి పోయింది. పిల్లను చూడటానికే అంటున్నారు. తెల్లవారి ఎండ ముఖం మీద పడేదాకా పడుకున్నాను. లేచి చూస్తే ఆయన ఎడ్లకు మేత వేసి, పొయ్యి రాజేసి, పొగలో దగ్గుతున్నాడు. నన్ను చూసి నవ్వబోయాడు. నేనింకా నవ్వలేదు. చూద్దాం.

ఆశ్లేష. ఆదివారం.

వేరుశెనగ పూతకొచ్చింది, సాళ్ళు అక్కడక్కడ బోడిగా ఉన్నాయి. గుండె నిన్న పరుగెత్తింది, మొన్న కూడా. పెద్దక్క గట్టిగా తలుపు వేస్తే ఇంకా ఉలిక్కిపడుతున్నాను. ఏడాది భయం వారానికి పోతుందా. ఆయనను అడిగి మళ్ళీ మందు సీసా తెప్పించాను. ఈసారి ఆయనే పోయి తెచ్చాడు.

ఆశ్లేష. మంగళవారం.

అత్త నిన్న తిరిగి వచ్చింది. పిల్ల దొరికిందా అని పెద్దక్క గోడ మీద నుంచి అడిగింది. “పెండ్లాం గట్టిగా ఉండంగా పిల్లనిచ్చేదానికి వాల్లకేమన్నా తిక్కా?” అంది అత్త విసురుగా. గట్టిగా ఉందట! విని లోపల నవ్వుకున్నాను, తర్వాత పైకే నవ్వాను.

మధ్యాహ్నం సంగటి కెలికింది అత్తే. ముగ్గురం కూర్చున్నాం. మంగళవారం అని ఆమె అనలేదు, నేనూ అనలేదు. నా కంచంలో చిన్న ముద్ద వేసింది. కలుపుకుని మొత్తం తిన్నాను. ఆమె తన ముద్ద ముట్టకుండా నన్నే చూస్తోంది. నేను కింద పడతానని చూస్తోందో, పడకూడదని చూస్తోందో తెలియలేదు.

“ఇంకో ముద్ద పెట్టు అత్తా,” అన్నాను.

తెడ్డు కుండలో ఒకసారి తిప్పింది. పెట్టింది. కంచం అదిరేట్టు కోపంగానే పెట్టింది.

అది కూడా తిన్నాను.